కత్తెర రాని చేతొడుగు

హమమత్సు
జనవరి

పూజ్యులైన బావగారికి,

తమ తకెహిసా నమస్కరించి రాయునది. ఈసారి ఉత్తరాన మంచు మరీ ఎక్కువగా కురుస్తోందని వార్తల్లో చెప్పారు. అంత మంచులోనూ తమరూ, అక్కా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఆకురాలు కాలంలో తమకు పక్షవాతం వచ్చి, కుడి చెయ్యి గుప్పిట బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదని తెలిసినప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. మొన్న అక్క ఫోన్ చేసి, తమ క్షవరశాల జాగా ఇమ్మని ఒక లాండ్రీ కంపెనీవాళ్ళు అడుగుతున్నారని, వేసవి లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పాలని అంది. చెబుతూ ఏడ్చింది కూడా. తాను ఏడ్చినట్టు తమకు చెప్పవద్దంది.

అందుకని నా చేతనైన పని చేశాను. మా కంపెనీవారు చేతికి తొడుక్కునే యంత్రం ఒకటి తయారుచేశారు. రోగులతో జరిపే దాని ప్రయోగంలో తమ పేరు చేర్పించాను. ముంజేతికి అంటించిన పట్టీ తమ కండరాల ఉద్దేశాన్ని పసిగడుతుంది. తమరు ‘తెరుచుకో’ అనుకుంటే చాలు, చేతొడుగు వేళ్ళను తెరుస్తుంది. దాని పేరు ‘చిరునవ్వు చెయ్యి’. యంత్రం తయారుచేయడం కంటే పేరు పెట్టడానికే ఎక్కువ సమావేశాలు జరిగాయి. ప్రచార విభాగంలో ఉన్నవాణ్ణి గనుక వాటన్నిటిలోనూ నేను పాల్గొన్నాను.

పెట్టె ఈ వారంలో అందుతుంది. తమ చెయ్యి మళ్ళీ కత్తెర పట్టే రోజు కోసం మా కంపెనీ తరఫునా, నా తరఫునా ఎదురుచూస్తుంటాను.

తమ విధేయుడు,
తకెహిసా


సకాతా
ఫిబ్రవరి

తకెహిసాకి,

మంచు సంగతి వార్తల్లో విన్నావా? సంతోషం. ఇక్కడ దాన్ని పారతో తోసేది మీ అక్క. నేను కిటికీ దగ్గర నిలబడి సలహాలిస్తున్నాను.

ఎడమ చేత్తో రాస్తున్నాను కనుక అక్షరాలు పీతలు పాకినట్టుంటాయి, సర్దుకో. ఫోన్ మాత్రం చెయ్యకు. మాట ఇంకా తడబడుతోంది. నేను మొదటి ముక్క కూడగట్టుకునేలోపు నువ్వు వాక్యమంతా పూర్తిచేసేసి, దానికి జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు. కాగితం మీదైతే నీ నోరు అడ్డురాదు.

నీ చిరునవ్వు వచ్చింది. చేతికి నల్లటి తొడుగు, దానికి గొట్టాలు, గొట్టాలకు పెట్టె, పెట్టె మెళ్ళో వేలాడేసుకోవాలట. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది నా అవతారం. పైగా అది మాట్లాడుతుంది. ‘ఇక మొదలుపెడదామా అండీ’ అంటుంది. అయ్యాక ‘ఎంతో శ్రమపడ్డారు’ అంటుంది. మీ అక్క ఊరుకుంటుందా? ‘అయ్యో, శ్రమంతా మీదే కదండీ’ అని దానికి తిరుగు మర్యాద చేస్తోంది. నలభై ఏళ్ళు ఈ ఇంట్లో కాళ్ళరిగేలా నిలబడి తలలు కత్తిరించాను. ఒక్కసారైనా నన్ను అంత వినయంగా పలకరించిందా అని ఆలోచిస్తున్నాను.

ఇక అసలు సంగతి. ఆస్పత్రిలో చేతుల చికిత్స చేసే ఒచియాయి అనే ఆమె నాచేత చిన్నపిల్లల పందెం ఆడిస్తుంది. రాయి, కాగితం, కత్తెర. గుప్పిట మూస్తే రాయి, అరచెయ్యి చాపితే కాగితం, రెండు వేళ్ళే చాపితే కత్తెర. నీ యంత్రం రాయి అంటే రాయి చూపిస్తుంది. కాగితం అంటే కాగితం. కత్తెర అనుకున్నానా, కాసేపు బుర్ర గోక్కుని ‘క్షమించండి, మరోసారి ప్రయత్నిద్దామా’ అంటుంది. ఎందుకంటే దానికి అయిదు వేళ్ళనీ ఒకేసారి ముయ్యడం, ఒకేసారి తెరవడం, ఈ రెండే వచ్చు.

ఒరేయ్, కత్తెర ఆడాలంటే ఉంగరపు వేలు కదలకుండా ఉండాలి, బొటనవేలొక్కటే ఆడాలి. ఏ వేలి పని ఆ వేలు చెయ్యాలి. కత్తెరతో బతికినవాడికి కత్తెర తప్ప అన్నీ వచ్చే చెయ్యి పంపించావు. నాకు కావలసిందల్లా మళ్ళీ ఒక తల కత్తిరించడం, అంతే. మీ వాళ్ళని కనుక్కో, ఇందులో కత్తెర ఎందుకు పెట్టలేదని.

కత్సుహికొ


హమమత్సు
మార్చి

పూజ్యులైన బావగారికి,

ఇక్కడ ప్లమ్ చెట్లు పూశాయి. తమ లేఖ చదివి చాలా సంతోషించాను, కొన్నిచోట్ల బాధపడ్డాను.

కత్తెర విషయం మా ఇంజినీర్ల ముందుంచాను. దానిమీద ప్రత్యేకంగా సమావేశం జరిగింది. రెండు వేళ్ళను విడిగా చాపించడం సాధ్యమేనన్నారు. కానీ రోగులు ఆ రెండు వేళ్ళూ చాపి ఫొటోలు దిగితే చూసేవాళ్ళకు అది విజయచిహ్నంలా కనబడుతుందని, అది అతిశయోక్తి ప్రకటన కిందికి వస్తుందని మా న్యాయ విభాగం అభ్యంతరం చెప్పింది. అందుచేత కత్తెరను రాబోయే నమూనాలో పరిశీలించడానికి పరిశీలన సంఘం వేశారు.

ఇప్పుడు శుభవార్త. చేతొడుగు ప్రతిరోజూ తమ సాధనకు నూటికి ఇన్నని మార్కులు వేసి మాకు పంపుతుంది కదా. ఈ నెల తమకు సగటున తొంభై నాలుగు వచ్చింది. దేశం మొత్తం మీద మా ప్రయోగంలో తమరే మొదటి స్థానం! మా డైరెక్టరుగారు నన్ను పిలిచి, ‘ఈయన మీ బావగారా’ అని అడిగారు. నేను ఇరవై ఏళ్ళుగా ఈ కంపెనీలో ఉన్నాను, డైరెక్టరుగారికి నా పేరు తెలియడం ఇదే మొదలు.

మే నెలలో ఇక్కడ వైద్య పరికరాల ప్రదర్శన ఉంది. పరిశ్రమల సంఘం అధ్యక్షులు ఇషిగురొగారు ప్రారంభిస్తారు. వేదికమీద తమరు చేతొడుగు వేసుకుని ఆయనతో రాయి కాగితం కత్తెర ఆడాలని మావాళ్ళ కోరిక. ఈ ఆలోచన నాదే. తమరు కాదనరని డైరెక్టరుగారికి అప్పుడే మాటిచ్చేశాను. మన్నించాలి.

తమ విధేయుడు,
తకెహిసా


సకాతా
ఏప్రిల్

తకెహిసాకి,

ఆ తొంభై నాలుగు కథ చెబుతాను విను.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక చేతొడుగు తొడుక్కుని, షాపులో గిరాకీల కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. నా ఉద్దేశం ఏదీ అందక అది దానిపాటికి మూస్తూ తెరుస్తూ ఉంది. లేచేసరికి ‘అద్భుతం, ఈ రోజు తొంభై ఎనిమిది’ అంది. మర్నాడు మెలకువగా ఉండి, చెమటలు కక్కుతూ, పళ్ళు బిగించి చేశాను. డెబ్భై ఇచ్చింది. నేను అడ్డుపడకపోతే నా చెయ్యి చాలా బాగుపడుతోందన్నమాట. అప్పటినుంచీ మార్కులు కావలసినప్పుడు నిద్రపోతున్నాను. దేశంలో మొదటి స్థానం నా కునుకుది.

లాండ్రీవాళ్ళ మనిషి టేపు పట్టుకుని వచ్చాడు. నేను కుర్చీలో ఉండగానే నా చుట్టూ కొలుచుకున్నాడు. అద్దం ఉన్న గోడకు బట్టలారబెట్టే యంత్రాలు వస్తాయట. ‘కాస్త కాళ్ళు ఎత్తుతారా అండీ’ అన్నాడు, ఎత్తాను. ఆ పూట అన్నం సయించలేదు. మీ అక్కకు కడుపు ఉబ్బరమని చెప్పాను. నీకు మాత్రం నిజం రాస్తున్నాను, నాకు భయంగా ఉంది రా. ఈ షాపు పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలియదు.

హతకెయామ తెలుసుగా, ఒకప్పుడు పడవ నడిపిన ముసలాయన. ఇప్పటికీ వారం వారం వస్తాడు. కుర్చీలో కూర్చుని పేపరు చదివి, ‘సరే, వచ్చే వారం చూద్దాం’ అని వెళ్ళిపోతాడు. ఇంకో షాపుకు వెళ్ళమంటే వినడు. ఆయన తల ఇప్పుడు పిచ్చుక గూడులా ఉంది. ఆయన్ని చూస్తే నాకు సిగ్గేస్తోంది.

నన్నడక్కుండా మాటిచ్చావు కాబట్టి తిట్టాలి. తిట్లు ఎడమ చేత్తో రాయడం కష్టంగా ఉంది. వస్తాను. నీ డైరెక్టరు కోసం కాదు, మీ అక్క హమమత్సు చూసి చాలా ఏళ్ళయిందని వస్తాను.

కత్సుహికొ


హమమత్సు
మే నెల మొదట్లో

పూజ్యులైన బావగారికి,

వేదిక ఏర్పాట్లు తెలియజేస్తున్నాను. ఈ ఉత్తరం చదివాక దయచేసి ఎవరికీ చూపించవద్దు. అక్కకు చూపించినా ఫరవాలేదు, ఎలాగూ చూస్తుంది.

అతిథి ఓడిపోతే బాగుండదు గనుక ఇషిగురొగారు గెలవాలి. తమ ఉద్దేశాన్ని పసిగట్టే పట్టీని ఆ రోజుకు ఆపేసి, పక్కన టాబ్లెట్ పట్టుకున్న మా ఉద్యోగి ‘రాయి’ నొక్కుతాడు. రాయిని గెలిచేది కాగితం గనుక అది చూపమని ఇషిగురొగారికి ముందే మనవి చేశాం. తమరు చేయవలసింది ఏమీ లేదు. నిజానికి ఏమీ చేయకపోవడమే ముఖ్యం. గెలవాలని గానీ, ఓడాలని గానీ, వేళ్ళు కదపాలని గానీ ఆ సమయంలో తమరు ఏమీ అనుకోవద్దని ఇంజినీర్ల ప్రార్థన.

నల్ల సూటు వేసుకురండి. చిరునవ్వుతో ఉండండి. యంత్రం పేరు అదే గనుక.

తమ విధేయుడు,
తకెహిసా


సకాతా
మే
(పోస్టుకార్డు)

తకెహిసాకి,

ఏమీ అనుకోవద్దన్నావు. నీ గురించి కూడానా?

కత్సుహికొ


హమమత్సు
మే నెలాఖరు

పూజ్యులైన బావగారికి,

తల ఎత్తుకుని రాయలేని ఉత్తరం ఇది. జరిగిన దుర్ఘటనను ఉన్నదున్నట్టు రాసి తమకు పంపమని నాణ్యతా విభాగంవారు ఆదేశించారు. చదివి, సరేననిపిస్తే చివర సంతకానికి బదులు తమ పేరు ముద్ర వేసి తిప్పి పంపగలరు.

మొదటిసారి యంత్రం అనుకున్నట్టే రాయి చూపింది. ఇషిగురొగారు కాగితం చూపాలి. కానీ జబ్బుమనిషిని ఓడించడం మర్యాద కాదని వారికి తోచింది. కావాలని ఓడిపోతే మా ఏర్పాటును కాదన్నట్టవుతుంది. అందుకని వారూ రాయే చూపారు. సమానం అయింది, జనం చప్పట్లు కొట్టారు. మా డైరెక్టరుగారు కళ్ళతో సైగ చేశారు. రెండోసారి మావాడు కాగితం నొక్కాడు. ఇషిగురొగారు అది ఎలా గ్రహించారో గానీ వారూ కాగితమే చూపారు. మళ్ళీ సమానం. ఇంతకు మించిన మర్యాద ఉండదని అందరూ అనుకుంటుండగా జనం ఇంకోసారి, ఇంకోసారి అని అరిచారు.

మూడోసారి టాబ్లెట్ తెర బిగుసుకుపోయింది. ఏం నొక్కినా పలకలేదు. ఇషిగురొగారు ఏం చూపాలో తేల్చుకోలేక చెయ్యి అలాగే చాపి ఉంచారు. అప్పుడు తమ చేతొడుగులోంచి రెండు వేళ్ళు లేచాయి. వణికాయి, కానీ రెండే లేచాయి. కత్తెర.

మా యంత్రానికి కత్తెర రాదు. కనుక ఇది యంత్రం అదుపు తప్పడమేనని క్షణంలో తేలిపోయింది. డైరెక్టరుగారు పరుగున వేదికెక్కి తమ ముందు నడుము వంచారు. వారి వెనక ఇంజినీర్లు వంగారు. తన వల్లే ఇలా జరిగిందేమోనని ఇషిగురొగారు కూడా వంగారు. తమరేదో చెప్పబోయారు. నొప్పిగా ఉందని అంటారేమోనని భయపడి, మైకు అందుకుని ‘ఏమీ ఫరవాలేదంటున్నారు’ అని తమ తరఫున నేనే చెప్పేశాను.

అదుపు తప్పిన కదలిక వల్ల వేళ్ళకు దెబ్బ తగల్లేదు కదా? తమను ప్రయోగం నుంచి తొలగించారు, మార్కులు రద్దుచేశారు. చేతొడుగును ఈ ఉత్తరంతో వచ్చిన ఖాళీ పెట్టెలో వెనక్కి పంపండి. నన్ను ఫిర్యాదుల విభాగానికి మార్చారు. అక్కడ క్షమాపణలు చెప్పడమే పని కాబట్టి ఈ ఉత్తరం దాని మొదటి రోజు పని కింద లెక్క.

తమ విధేయుడు,
తకెహిసా


సకాతా
జూన్

తకెహిసాకి,

ముద్ర వెయ్యను.

ఆ రోజు టాబ్లెట్ బిగుసుకున్నప్పుడు నా మెళ్ళో పెట్టె మెల్లిగా ఒక మాట చెప్పింది. హాల్లో గోలకి మీకెవరికీ వినబడలేదు. ‘సంబంధం తెగిపోయిందండీ, దయచేసి వేచి ఉండండి’ అంది. చేతొడుగు చచ్చిన పాములా మెత్తబడిపోయింది. నేను వేచి ఉండలేదు. ఆ రెండు వేళ్ళూ లేపింది నేను. నీ యంత్రం కాదు, దాని లోపం కాదు, నేనే.

మార్చి నుంచి ఆస్పత్రిలో ఒచియాయి ఆ డోలు తీయించి, తక్కిన వేళ్ళు తన చేత్తో నొక్కిపట్టి, ఒక్కొక్క వేలూ విడిగా లేపిస్తోంది. పొగడదు. ‘ఊఁ, ఇంకోటి’ అంటుంది. మొదట చూపుడు వేలు కదిలిన రోజు నేను ఆమె ముందే వలవలా ఏడ్చాను. ‘ఊఁ, ఇంకోటి’ అంది. నీకు రాయలేదు ఎందుకంటే, రాస్తే దానికీ మీవాళ్ళు ఓ మార్కు వేస్తారు. అది మాత్రం నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది.

వేదిక మీద అందరి ముందూ కత్తెర వచ్చింది. నా జన్మలో అంత సంతోషం ఎరగను. ‘ఇది నేను’ అని చెబుదామని నోరు తెరిచాను. నా నోట్లోంచి మాట రావడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. ఈలోపల ఒకడు వంగాడు, వాడి వెనక ఇంకొకడు, వాడి వెనక నలుగురు. క్షమాపణల మధ్య నా మాట దూరే సందు లేకపోయింది. ఇక నువ్వు మైకులో నా తరఫున మాట్లాడావు చూడు, చేతిలో కత్తెర ఉంటే ముందు నీ నాలుక కత్తిరించేవాణ్ణి. చెయ్యి బాగుపడ్డందుకు ఇంతమంది చేత క్షమాపణ చెప్పించుకున్నవాడు ప్రపంచంలో నేనొక్కణ్ణే అయివుంటాను.

హాల్లో వంగనిది మీ అక్క ఒక్కతే. మూడో వరసలో లేచి నిలబడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తనకు తెలిసిపోయింది. తిరుగు రైల్లో హమమత్సులో కొన్న మలుగు చేప అన్నం డబ్బా విప్పుకుని తింది. డబ్బా ఖాళీ అయ్యాక అంది, ‘వేళ్ళు లేపడం కాదు. ఒక్క తల, మొదట్నుంచీ చివరిదాకా కత్తిరించి చూపించు. లాండ్రీవాళ్ళకి వద్దని నేనే చెబుతాను. లేదంటే ఈ నెలాఖరుకి సంతకం పెట్టేస్తా.’ అన్యాయం అనడానికి లేదు. మంచు తోసేదీ తనే, ఇల్లు నడిపేదీ తనే.

కాబట్టి నాకు ఇప్పుడు ఒక తల కావాలి. కత్తెర పడుతున్నాను. మూసుకున్నది ఒక్కోసారి వెంటనే తెరుచుకోదు, అంతే. హతకెయామని అడిగాను. ‘తల ఇస్తాను గానీ, చెవులు ఇంటికి తీసుకెళ్ళాలయ్యా’ అన్నాడు. మరి ఎవరిని అడగను? మీ కంపెనీలో ఖాళీ తలలు చాలా ఉన్నాయని విన్నాను. ఒకటి పంపించు.

కత్సుహికొ


హమమత్సు
జూలై నెల మొదట్లో

బావా,

సకాతా నుంచి ఇంటికి చేరాను. దారంతా రైలు కిటికీలో నా తల చూసుకుంటూ వచ్చాను.

మీ ఉత్తరం రాగానే అందులో ఉన్నది నాణ్యతా విభాగంవాళ్ళకి చెప్పానని అక్కడ మీతో అన్నాను. వాళ్ళు ఏం తేల్చారో మీ ముందు చెప్పడానికి నోరు రాలేదు, ఇప్పుడు రాస్తున్నాను. యంత్రం ఆగిపోయి ఉన్నప్పుడు జరిగిన కదలిక గనుక బాగుపడటం అని రాయడానికి వీల్లేదట. యంత్రం తొడుక్కుని ఉన్నప్పుడు జరిగింది గనుక లోపం అని రాయక తప్పదట. మూడు గంటలు చర్చించి నిర్ణయించారు. నేను లేచి, ‘అయ్యా, ఆయన చెయ్యి ఆయన కదిపాడు’ అన్నాను. ‘మీ అభిప్రాయం నమోదు చేశాం’ అన్నారు. అప్పుడే సెలవు పెట్టి బయల్దేరాను.

మీ కత్తెర కింద ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నాకు భయంగానే ఉంది బావా, అబద్ధం ఎందుకు. చెవుల గురించి కాదు. కత్తెర మూసుకుని తెరుచుకోనప్పుడల్లా, జుట్టు దాంట్లో ఇరుక్కుని, మీరు అద్దంలో మీ చేతినే చూస్తూ నిలబడ్డారు. ‘తెరుచుకుంటుందిలే బావా’ అని నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను. అది నేను మీ కోసం చేసిన మొట్టమొదటి మంచి పని అయివుంటుంది. తెరుచుకుంది. మళ్ళీ మూసుకుంది, మళ్ళీ తెరుచుకుంది. చివరి వెంట్రుక దులిపాక అక్క లోపలికెళ్ళి ఫోన్ తీసింది. ‘లేదండీ, మా జాగా ఖాళీ లేదు’ అనడం నేను విన్నాను. మీరు విననట్టు నేల ఊడుస్తున్నారు. నా కళ్ళల్లో వెంట్రుకలు పడ్డాయేమోనని తువ్వాలు ఇచ్చారు కదా, అవి వెంట్రుకలు కావు.

ఎడమవైపు చాలా బాగా వచ్చింది. కుడి చెవి పైన అరచేతి మేర నున్నగా ఉంది. మెడ వెనక గీత ఒకవైపు నుంచి రెండోవైపుకి కొండ దిగినట్టు దిగుతోంది. ఇవాళ ఆఫీసులో లిఫ్ట్ దగ్గర డైరెక్టరుగారు ఎదురై, నన్ను చూసి కంగారుపడిపోయారు. అలవాటు కొద్దీ తల వంచి, ‘ఎక్కడో ఏదో పొరపాటు జరిగినట్టుంది, క్షమించాలి’ అన్నారు.

‘పొరపాటు కాదండీ, మా బావ కత్తిరించాడు’ అన్నాను.

ఆ తర్వాత, ఆయనకి వెనకవైపు కూడా బాగా కనబడాలని నడుము దాకా వంగాను.

తకెహిసా